నీళ్లు వదిలేలోగా: గోదావరి కాలువ గట్ల మీద ఐదు రోజులు

మా వైపు "కాలువ కట్టేశారు" అంటే కొత్తగా కాలువ నిర్మించారని కాదు, నీళ్లు ఆపేశారని. ఏటా దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక, ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకోవడం పూర్తయ్యాక, గోదావరి డెల్టా కాలువలన్నీ కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ వదిలేదాకా నెలన్నర పాటు కాలువ అడుగు కనిపిస్తుంది. పూడిక తీయాలన్నా, లాకు తలుపులు బాగు చేయాలన్నా, గోడలు కట్టాలన్నా ఆ నెలన్నరే గడువు. చేసిన పనిని ఎవరైనా చూడాలన్నా అంతే.

"కట్టేశారు, వస్తావా?" అని ఏప్రిల్ చివర్లో బాబాయి ఫోన్ చేశాడు. ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ధవళేశ్వరం నుంచి విజయవాడ దాకా ఒక్కసారి గట్టు వెంట తిప్పమని నేను నాలుగేళ్లుగా అడుగుతున్నాను. మా తాత పడవలో వెళ్లిన దారి అది. ఈసారి నాకు ఇంకో పని కూడా ఉంది. ఒక ప్రశ్న పట్టుకుని బయల్దేరాను: మనం నిలబడ్డ ఈ కిలోమీటరు కాలువకు నిరుడు ఎంత ఖర్చు పెట్టారు? ఎవరు పెట్టారు? 2025 మేలో బాబాయి పాత స్ప్లెండర్ మీద, తలకు తువ్వాళ్లు చుట్టుకుని మొదలుపెట్టాం.

మొదటి రోజు: ధవళేశ్వరం

పొద్దున్నే ఆరింటికి బ్యారేజీ మీద గాలి బాగుంది. ఎడమ వైపు నిండుగా నీళ్లు, కుడి వైపు ఇసుక. గోదావరి ఇక్కడ లంకల మధ్య పాయలుగా విడిపోతుంది కాబట్టి ఆనకట్ట కూడా నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఇప్పుడు మనం బండి మీద పోయేది అది కాదు, 1982కి పూర్తయిన బ్యారేజీ. 70, 43, 23, 39 చొప్పున మొత్తం 175 గేట్లు. బాబాయి ఈ నాలుగు అంకెలనూ ఎక్కం అప్పచెప్పినట్టు చెప్తాడు.

కాటన్ మ్యూజియంలో గంటసేపు గడిపాం. నమూనాలు, పాత యంత్రాలు, పటాలు ఉన్నాయి. ఈ వైపు పల్లెల్లో కాటన్ విగ్రహం లేని కూడలి తక్కువ. పుట్టినరోజు మే 15న దండలు పడతాయి. గోదావరి స్నానం సంకల్పంలో కూడా ఆయన పేరు కలిపి చదివే పురోహితులున్నారు. తప్పేం లేదు, పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు మరి. నన్ను ఆపింది వేరే సంగతి. కట్టినవాడి పేరు రాతి మీద ఉంది, కట్టిన ఏడు ఉంది. ఆ తర్వాత నూట డెబ్బై ఏళ్లుగా ఏటేటా ఎవరు బాగుచేశారో, ఎంతయిందో ఎక్కడా రాసి లేదు. "మరమ్మతుకి విగ్రహం పెడతారేంట్రా?" అని నవ్వాడు బాబాయి.

కానీ ఆ రోజుల్లో మరమ్మతును మరిచిపోలేదు, దాని చుట్టూ చట్టాలే ఉన్నాయి. చిన్నచిన్న పనులు ఊరివాళ్లే చేసుకోవాలన్నది పాత ఆచారం. కుడిమరమ్మతు అనేవారు. గండి పడే ప్రమాదం వచ్చినప్పుడు రైతులను, కూలీలను పిలిపించి పని చేయించడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చింది. నీళ్లు వాడుకున్నందుకు సెస్సు వసూలుకు 1865లో ఇంకోటి. పడవల లైసెన్సులకు, సుంకాలకు 1890లో కాలువలు, బల్లకట్ల చట్టం వచ్చింది. అంటే శ్రమ ఊరిది, సెస్సు రైతుది, సుంకం పడవవాడిది. న్యాయమా కాదా అన్నది వేరే మాట, దొరతనం ఎవరినీ అడిగి చేయలేదు. కాకపోతే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో అందరికీ తెలుసు.

కాలువ మొదట్లోని తూము, హెడ్ స్లూయిస్ దగ్గర గొడుగు వేసుకుని కూర్చున్న ఒక లస్కరును, అంటే కాలువ కాపలా చూసే ఉద్యోగిని, నా ప్రశ్న అడిగాను. "నాకు జీతం ఎంతొస్తుందో అడగండి చెప్తాను, కాలువకి ఎంతొస్తుందో నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు.

రెండో రోజు: లొల్ల లాకులు, గన్నవరం అక్విడక్టు

బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా లొల్ల. దారిలో పూతరేకుల దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు, ఆగలేదు. ఆ సంగతి బాబాయి మధ్యాహ్నం దాకా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

సినిమాల్లో లొల్ల లాకులను చూసినవాళ్లు కాలువ కట్టేసిన రోజుల్లో చూస్తే గుర్తుపట్టలేరు. నురగ లేదు, చప్పుడు లేదు. నాచు పట్టిన గోడలు, వాటి కింద మడుగులు, మడుగుల్లో కొర్రమీనుల కోసం పిల్లలు. మధ్య డెల్టా ప్రధాన కాలువ ఇక్కడే చీలి కోనసీమలోకి పోతుంది. లాకు ఎలా పనిచేసేదో బాబాయి గోడ మీద కూర్చుని చూపించాడు. రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీళ్లు నింపో తీసో పై మట్టానికో కింది మట్టానికో చేరుస్తారు. తలుపులు మూసినప్పుడు ఎగువ వైపు కోణంలా కలుస్తాయి, నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. పడవలు పోయాక ఆ అవసరం పోయింది. ఇప్పుడు లాకంటే నీటి మట్టం నిలబెట్టే రెగ్యులేటరే.

లెక్క దగ్గర చిక్కు ఇక్కడే మొదలైంది. పడవ ఉన్నప్పుడు లాకు తలుపు విరిగితే ఆ పూటే గొడవ: సరుకు ఆగుతుంది, సుంకం ఆగుతుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఇప్పుడు తలుపు శిథిలమైతే చప్పుడు లేదు. శివారు రైతుకు నీళ్లు అందనప్పుడు మాత్రమే తెలుస్తుంది, అప్పటికి కారణాలు పది చెప్పొచ్చు. గుర్రపుడెక్క అంటారు, వర్షాల్లేవంటారు, పైవాడు తూము పగలగొట్టాడంటారు.

మధ్యాహ్నం ఎండలోనే పి.గన్నవరం చేరాం. వైనతేయ పాయ మీదుగా కాలువను నగరం దీవికి దాటించిన పాత అక్విడక్టు ఇది, 49 కమానులు. కాటన్ కాలంలోనే, 1850ల మొదట్లో కట్టారు. పక్కనే 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు దొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అడిగినవాళ్లకల్లా అన్నం పెట్టిన ఇల్లాలి పేరు, పొలాలకు నీళ్లు మోసే వంతెనకు. పేర్లు పెట్టడంలో మనవాళ్లు ఒక్కోసారి గొప్పగా ఆలోచిస్తారు. పాతదాని కింద నిలబడి పైకి చూస్తే కమాను సందుల్లో రావి మొక్కలు. వేరు లోపలికి పోయాక రాయిని చీలుస్తుందని అందరికీ తెలుసు. మొక్క చిన్నప్పుడే కోయడానికి మనిషి, నిచ్చెన, సగం పూట చాలు. ఆ సగం పూట కూలి ఏ పద్దులో రాయాలో తెలియకే చెట్టవుతుందని బాబాయి థియరీ. వాడకంలో లేని కట్టడానికి ఆయకట్టు ఉండదు, ఆయకట్టు లేనిదానికి నిర్వహణ నిధులు అడగడం కష్టం.

సాయంత్రం టీ బడ్డీ దగ్గర ఒక పెద్దాయన కలిశాడు, నాలుగెకరాల ఆసామి. నీటి తీరువా గురించి అడిగితే విరుచుకుపడ్డాడు. "కడతాం బాబూ, కట్టమని మేమెప్పుడన్నాం? ఏం చేస్తున్నారో చెప్పమను." 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఆయనా సాగు మానేశాడట. ధర గిట్టలేదు, కూలీ ఖర్చు పెరిగింది. వాటితోపాటు వాళ్లు చెప్పిన ఇంకో బాధ మురుగు కాలువలు: నీళ్లు రావడానికి కాలువ ఉంది, పోవడానికి దారి లేదు. డెల్టా మురుగు మీద 1964లో మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో డ్రెయినేజీ సెస్సు వేయడానికి చట్టమే చేశారు. మురుగు బాగుచేస్తాం, డబ్బు మీరివ్వండి అన్నారన్నమాట. "మా నాన్న కట్టాడు. నేనూ మురుగులోనే ఊడ్చాను" అన్నాడాయన.

రాత్రి రావులపాలెం లాడ్జిలో కాగితం తీసి లెక్క వేశాను. ఈ డెల్టాకు నీటి తీరువా ఎకరాకు సార్వాకు (ఖరీఫ్ పంటకు) 200, దాళ్వాకు 150 రూపాయలు. 1990ల్లో నిర్ణయించిన రేట్లవి. పది లక్షల ఎకరాల మీద రెండు పంటలకూ ప్రతి రూపాయీ వసూలైనా ఏడాదికి 35 కోట్లు. 2024–25 మద్దతు ధర క్వింటాలు 2,300 లెక్కన 75 కేజీల బస్తా 1,725 రూపాయలు. అంటే ఎకరాకు ఏడాది పొడుగునా నీళ్లకు కట్టేది బస్తాలో ఐదో వంతు. ఇంత తక్కువ కట్టి కాలువ బాగుండాలంటే మిగతాది ఖజానా నుంచే రావాలి. ఖజానా ఇచ్చేటప్పుడు రైతుకు అడిగే హక్కు తగ్గినట్టు అందరూ ప్రవర్తిస్తారు, రైతుతో సహా. ఆ పెద్దాయన కోపం న్యాయమైనదే. కానీ 350 రూపాయల దగ్గర ఆగిపోతే కోపం కూడా ఐదో వంతు బస్తా అంతే బరువు తూగుతుంది.

మూడో రోజు: విజ్జేశ్వరం నుంచి తాడేపల్లిగూడెం

సిద్ధాంతం వంతెన దాటి, తణుకు మీదుగా నిడదవోలు, అక్కణ్ణుంచి వెనక్కి విజ్జేశ్వరం. పశ్చిమ డెల్టా కాలువలన్నిటికీ తల ఇక్కడే ఉంది. నర్సాపురం కాలువ, కాకరపర్రు కాలువ, గోస్తనీ–వేల్పూరు, ఉండి, వెంకయ్య వయ్యేరు అని బాబాయి చెప్తూ పోతుంటే రైలు స్టేషన్ల పేర్లు విన్నట్టుంటుంది. మనది ఏలూరు కాలువ. ఇటు విజ్జేశ్వరం నుంచి గోదావరి నీళ్లు, అటు విజయవాడ నుంచి కృష్ణా నీళ్లు ఏలూరు దాకా వచ్చి కలుస్తాయి. మొత్తం 139 కిలోమీటర్లు.

మా తాత పెళ్లికి మగపెళ్లివారు ఈ కాలువ మీదే వెళ్లారట. రాత్రి భోజనం చేసి పడవెక్కితే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు, లాకు వచ్చినప్పుడల్లా మెలకువ వచ్చేది. రైలు వచ్చాక, రోడ్లు వచ్చాక పడవలు ఒక్కొక్కటే పోయాయి.

పోయిన పడవలు కాగితం మీద తిరిగి వచ్చాయి. 2008లో కేంద్రం కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణల కొంత భాగాన్ని కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అప్పటి లెక్కన మొత్తం 1,078 కిలోమీటర్లు. అందులో మన ఏలూరు కాలువ కూడా ఉంది. కాబట్టి ఇప్పుడు ఈ కాలువకు సొంతదారులు ఎందరో చూడండి. నీళ్లు, గట్టు రాష్ట్ర నీటిపారుదల శాఖవి. జలమార్గం కేంద్ర జలమార్గాల సంస్థది. తీరువా వసూలు రెవెన్యూది. ఊళ్లోంచి వచ్చి పడే మురుగు పంచాయతీదో మున్సిపాలిటీదో. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ఒక్క కాలువ తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు, కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలు ఐదింటిలోంచి పోతోంది. వీటికి తోడు రైతుల నీటి సంఘాలు. 1997 చట్టంతో పుట్టాయి. వసూలైన తీరువాలో ఎక్కువ భాగం తిరిగి సంఘాలకే రావాలి, ఏ పని చేయాలో వాళ్లే తీర్మానించుకోవాలి, అయ్యాక సోషల్ ఆడిట్ జరగాలి అన్నది ఆలోచన. మంచి ఆలోచనే. చాలా ఏళ్ల విరామం తర్వాత 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి.

నిడదవోలు దాటాక ఒకచోట పొక్లెయిన్ పని చేస్తోంది. ఊరు చెప్పను, వంతెన కూడా చెప్పను. గట్టు మీద గుర్రపుడెక్క ఎండి గడ్డివాముల్లా కుప్పలు పడి ఉంది, దుర్వాసన. బాబాయి బండి ఆపి చెప్పులు విప్పి కాలువలోకి దిగాడు. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి, మోకాళ్ల నొప్పులు. దిగాక మాత్రం సొంతింటి పెరట్లో తిరిగినట్టు తిరిగాడు.

మట్టి పని లెక్క ఎలా కడతారో నాకు అక్కడే తెలిసింది. పని మొదలుకాకముందు కాలువకు అడ్డంగా, నిర్ణీత దూరానికి ఒకచోట లెవెల్స్ తీస్తారు. ఆటో లెవెల్ పెట్టి, ఒక మనిషి స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) పట్టుకుని నడుస్తుంటే అడుగు మట్టం ఎంతుందో రాసుకుంటారు. పని అయ్యాక మళ్లీ అవే చోట్ల తీస్తారు. రెండింటి మధ్య తేడాయే తీసిన మట్టి, దానికే బిల్లు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తాడు, ఆయన పై అధికారి డీఈ మళ్లీ కొలిచి సరిచూస్తాడు, దాన్ని చెక్ మెజర్‌మెంట్ అంటారు, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు వేరే చూస్తారు. కాగితం మీద ఇంత పకడ్బందీ ఏర్పాటు ఇంకో పనికి ఉండదు.

"మరి తప్పు ఎక్కడ జరుగుతుంది?"

"తప్పు కొలతలో ఉండదురా, తేదీలో ఉంటుంది" అన్నాడు బాబాయి. "ఏప్రిల్‌లో కట్టేస్తే మే మొదటికల్లా మిషను దిగాలి. అంచనాలు, ఆమోదం, టెండరు అయ్యి మిషను దిగేసరికి మే ఇరవై. జూన్ మొదట్లో నీళ్లు. ఆఖరి కొలతలు తీసేసరికి కాలువలో మోకాల్లోతు నీళ్లుంటే ఏం కొలుస్తావు? స్టాఫ్ బురదలో ఎంత దిగిందో దేవుడికే తెలియాలి. నీళ్లొచ్చాక లెక్కే ములిగిపోద్ది."

ముప్పై ఏళ్ల సర్వీసు ఈ నాలుగు మాటల్లో పెట్టేశాడు. ఆ దొంగ లెక్కలు ఎప్పుడైనా చూశావా అని అడిగాను. నా వైపు చూసి, పొక్లెయిన్ వైపు చూసి, "చూడ్డానికే జీతం ఇచ్చేవాళ్లు" అన్నాడు. ఇంకేం అడగలేదు.

గట్టు మీద ఒక కుర్ర ఇంజినీరు ఉన్నాడు. నన్ను విలేఖరి అనుకుని మొదట కంగారుపడ్డాడు, బాబాయి పాతకాలపు పేర్లు చెప్పాక తేలికపడ్డాడు. ఆయన గోడూ వినాలి. నిధులు ఎప్పుడు వస్తాయో తెలియకుండా పని ఒప్పించాలి. పోయినేటి బిల్లులు రాని కాంట్రాక్టరు ఈ ఏడాది టెండరుకు రాడు. "బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో, అదే ప్రభుత్వం చెల్లింపులు చేసే ఆన్‌లైన్ వ్యవస్థలో, ఎక్కడం వేరండీ, డబ్బు ఖాతాలో పడ్డం వేరు" అన్నాడు. గట్టు జరిపి ఇల్లు కట్టుకున్నవాడిని కదపలేం, మిషను పోవడానికి దారుండదు. రైతులేమో కట్టేయడం ఆలస్యం చేయమంటారు, వదలడం తొందరగా వదలమంటారు. 2007–08 నుంచి వేల కోట్ల అంచనాలతో డెల్టా ఆధునికీకరణ మొదలుపెట్టినా నత్తనడక నడవడానికి ఇదీ ఒక కారణం. పనికి ఒక పంట వదులుకోవాలి, ఎవరు వదులుకుంటారు? ఆయన మాటల్లో నిజం ఉంది. నా ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. ఈ ప్యాకేజీ మొత్తం ఎంతో చెప్పగలడు గానీ, ఈ కిలోమీటరుకు నిరుడు ఎంతయిందో ఆఫీసులో చూడాలన్నాడు.

వెళ్లబోతూ బాబాయి ఒక పని చేశాడు. ఇంకా మిషను రాని వైపు, వంతెన స్తంభం పక్కన నన్ను నిలబెట్టి టేపు పట్టుకోమన్నాడు. వంతెన అడుగు రాయి నుంచి పూడిక దాకా తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు. స్తంభం మీద పూడిక మట్టానికి సుద్దముక్కతో అడ్డగీత గీశాడు. సుద్దముక్క జేబులో ఎందుకుందో అడగలేదు, అలవాటై ఉంటుంది. గీత పక్కన తేదీ రాసి ఫొటో తీయమన్నాడు. "ఎందుకు బాబాయ్?" అంటే "ఊరికే" అన్నాడు.

నందమూరు అక్విడక్టు దగ్గర ఎర్రకాలువ కిందినుంచి పోతుంటే పైన మన కాలువ. అక్కడ పది నిమిషాలే ఆగాం. తాడేపల్లిగూడెం చేరేసరికి ఇద్దరికీ వడదెబ్బ తగిలినంత పనయింది. మజ్జిగ తాగి పడుకున్నాం.

నాలుగో రోజు: ఏలూరు

భీమడోలు దాటాక వెనక టైరు పంక్చరు. ఎండలో రెండు కిలోమీటర్లు తోశాం. ఆ రోజు గురించి ఇంతకన్నా గుర్తుపెట్టుకోదగ్గవి తక్కువ. ఊరు దగ్గరపడేకొద్దీ కాలువ అడుగున ప్లాస్టిక్ సంచులు, కోళ్ల దుకాణాల చెత్త, పాత చెప్పులు. రెండు నదుల నీళ్లు కలిసే చోటు అంటే పవిత్రంగా ఊహించుకుంటాం. నిజానికి ఏలూరు రెండు కాలువలకూ శివారు. పైనుంచి వచ్చే నీళ్లు ఎంత తక్కువో, పైనుంచి వచ్చే చెత్త అంత ఎక్కువ.

సాయంత్రం లాడ్జిలో ఫ్యాను కింద కూర్చుని బాబాయికి ఇంగ్లండు కథ చెప్పాను. కాటన్ పుట్టిన దేశంలోనూ ఇదే తలనొప్పి. ఇంగ్లండు, వేల్స్‌లలో మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు పాత కాలువలను ప్రభుత్వం 2012లో ఒక ధర్మకర్తల సంస్థకు అప్పజెప్పింది. పేరు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. పదిహేనేళ్లు గ్రాంటు ఇస్తామని ఒప్పందం రాసుకున్నారు. పడవల లైసెన్సులు, ఆస్తుల అద్దెలు, విరాళాలు అదనం. ఏటా జమాఖర్చులు అచ్చువేసి బయటపెట్టాలి. 2027 తర్వాత గ్రాంటు తగ్గించుకుంటూ పోతామని 2023లో ప్రభుత్వం అనగానే, కాలువల మీద పడవల్లో కాపురం ఉండేవాళ్లు, చరిత్ర ప్రేమికులు కలిసి గొడవ చేశారు. 2019లో వేలీ బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర, కాలువకు నీళ్లిచ్చే పాత చెరువు స్పిల్‌వే దెబ్బతిని వెయ్యిమందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. డబ్బు ఆపితే ఏమవుతుందో వాళ్లకు కళ్లముందే ఉంది.

"అక్కడ గొడవ చెయ్యడానికి ఎంతొస్తుందో వాళ్లకి తెలుసు కదా" అన్నాడు బాబాయి. "నీకు తెలుసా?"

తెలియదు. అందుకే ఆ రాత్రే సమాచార హక్కు దరఖాస్తు రాశాం. 2005 చట్టం, పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. నేను వాక్యాలు రాస్తుంటే ఆయన కొట్టేసి మళ్లీ చెప్పాడు. "పూడికతీతకు ఎంత ఖర్చు పెట్టారు" అని అడగకూడదట, ఆ ప్రశ్నకు ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటారు. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా, పనికి ముందు లెవెల్స్, పని తర్వాత లెవెల్స్, అవి తీసిన తేదీలు, ఎం.బుక్ పేజీల నకళ్లు, చెక్ మెజర్‌మెంట్ చేసినవారి హోదా అని అడగాలి. తేదీల కింద రెండు గీతలు గీయించాడు. ముప్పై ఏళ్లు అవతలి బల్ల దగ్గర కూర్చున్నవాడు చెప్తే దరఖాస్తు ఎలా ఉంటుందో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

ఐదో రోజు: విజయవాడ

పొద్దున్నే పోస్టాఫీసు తెరిచేదాకా ఆగి, రిజిస్టర్ పోస్టు చేసి బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దాకా కాలువ దాగుడుమూతలాడింది, ఒకసారి హైవే పక్కన, ఒకసారి తోటల వెనక.

ఎనికేపాడు దగ్గర బాబాయి బలవంతం మీద ఆగాం. బుడమేరు ఇక్కడ సొరంగంలో ఏలూరు కాలువ కిందినుంచి పోతుంది. అందరూ యూటీ అంటారు, అండర్ టన్నెల్. చూడ్డానికి ఏమీ లేదు, కాంక్రీటు, నల్లటి నీళ్లు, తూడు. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లకు గండ్లు పడి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఇలాంటి చోట్ల పేర్లు టీవీల్లో మొదటిసారి విన్నాం. నాలుగు నెలల ముందు వాటి పూడిక గురించి ఎవరైనా మాట్లాడి ఉంటే వినేవాళ్లమా? నేనైతే వినేవాణ్ణి కాదు.

విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు మూడూ ఊరి మధ్యనుంచే పోతాయి. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి శనగలు తిన్నాం. ఇప్పుడు గోదావరి నీళ్లు కృష్ణకు పట్టిసీమ ఎత్తిపోతల నుంచి, పోలవరం కుడి కాలువ మీదుగా వస్తున్నాయి. రెండు నదులను ఎప్పుడో కలిపిన పాత కాలువ మాత్రం, పడవ లేకుండా, లాకుల్లో చెత్తతో, ఊరి వెనకనుంచి మెల్లగా పోతోంది. బాబాయి రాత్రి బస్సుకు నిడదవోలు వెళ్లిపోయాడు, బండి రైల్లో వేసి పంపాను.

జూన్ మొదటి వారంలో ఫోన్ చేశాడు. కాలువ వదలడానికి ముందురోజు సాయంత్రం టేపు పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లాడట, ఒక్కడే.

"పది అడుగుల ఒక అంగుళం" అన్నాడు.

"అంటే తొమ్మిది అంగుళాలు తీశారన్నమాట."

"అక్కడ తొమ్మిది. ఎం.బుక్‌లో ఎంతుందో నీ ఉత్తరానికి జవాబు రావాలి." కాసేపు ఆగి అన్నాడు, "ఇవాళ పొద్దున నీళ్లొచ్చేశాయి. గీత ములిగిపోయింది."

ఫోన్‌లో ఫొటో ఉంది. రిజిస్టర్ పోస్టు రసీదు పర్సులో ఉంది. గడువుకు ఇంకా పది రోజులుంది.